ఫైలు దొంగతనాన్ని మించిన ఛేజింగ్ లేదు

గూఢచారి నవలల్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టిన సీను ఏదని ఎవరైనా అడిగితే, ఒక ఉద్యోగి తన సొంత సంస్థ రికార్డు రూములోంచి ఒక ఫైలు బయటికి పట్టుకుపోయే సీను అని చెప్తాను. 1974లో వచ్చిన జాన్ లె కారే నవల 'టింకర్ టైలర్ సోల్జర్ స్పై'లోది అది. పీటర్ గిలమ్ అనే బ్రిటిష్ గూఢచారి ఏదో పని మీద వచ్చినట్టు హెడ్డాఫీసుకి వస్తాడు, గేటు దగ్గర మనిషిని పలకరిస్తాడు, లోపల ఫైళ్ళు చూసుకునే ఆవిడతో రెండు కబుర్లాడతాడు, ర్యాకుల మధ్యకి వెళ్తాడు. అంతే. తుపాకీ లేదు, పేలుడు లేదు, ఒక్కడు కూడా పరిగెత్తడు. సరిగ్గా ఆ రోజే పై అంతస్తులో పెద్దలు రమ్మంటున్నారని కబురొస్తుంది. ఆ కబురు చదివినప్పుడు నా అరచేతులకి చెమట పట్టింది. బాస్ అకారణంగా గదిలోకి పిలిస్తే ఎలా ఉంటుందో నౌకరీ చేసిన ఎవడికైనా తెలుసు, దానికి బాంబుల అనుభవం అక్కర్లేదు.

ఈ పాత నవలలు ఇప్పుడెందుకు, ఆ కోల్డ్ వార్ పోయింది, ఆ బెర్లిన్ గోడ పోయింది, ఇంకా అవే పట్టుకుని వేలాడటమేంటి అని స్నేహితులు అడుగుతుంటారు. నా సమాధానం ఒక్కటే. వీటిలో మంచివి యుద్ధం గురించి రాసినవి కావు. ఎదుటి మనిషిని చదవడం గురించి రాసినవి. పక్క కుర్చీలో కూర్చున్నవాడు ఎవరు, వాడికి ఏది ఇష్టం, ఎవరంటే ప్రాణం, ఆ ప్రాణాన్ని పట్టుకుని వాణ్ణి ఎటు లాగొచ్చు అనే లెక్క చుట్టూ నడుస్తాయి. ఆ లెక్క ఏ గోడ కూలినా మారదు.

మనకి ఈ సరుకు వేరే దారిలో వచ్చింది. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు అంటే ఒక తరం చెవులు నిక్కబొడుచుకునేది. ఆ తర్వాతి తరానికి మధుబాబు గారి గూఢచారి షాడో. అద్దె పుస్తకాల షాపులో షాడో కొత్త భాగం వచ్చిందంటే ముందు ఎవరు తీసుకెళ్ళాలని గొడవలు జరిగేవి, తిరిగొచ్చేసరికి అట్ట ఊడిపోయి, ఆఖరి పేజీ ఎవడో చింపేసి ఉండేది (ఆ చింపేవాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే). సినిమాల్లో 1966లోనే కృష్ణ గారి 'గూఢచారి 116' వచ్చింది. వీటన్నిటిలో మజా ఒకటే: హీరో ఎలాగైనా తప్పించుకుంటాడు, ఎలా తప్పించుకుంటాడన్నదే చూడాలి. ఆ మజాని నేను తక్కువ చేయను. షాడో లేకపోతే పుస్తకం చేతబట్టని కుర్రాళ్ళు మనలో వేలల్లో ఉన్నారు. కానీ ఆ నవలల్లో షాడో తన పై అధికారి కులకర్ణిని అనుమానించాల్సిన అవసరం ఉండదు. అనుమానించాల్సి వచ్చిన రోజున కథ వేరే కథ అవుతుంది. నేను మాట్లాడుతున్నది ఆ వేరే కథ గురించి.

ఇంగ్లీషులో ఈ రెండు పాయలూ పక్కపక్కనే ప్రవహించాయి. 1915లో జాన్ బుకన్ రాసిన 'ది థర్టీనైన్ స్టెప్స్' నుంచి 1953లో మొదలైన ఇయాన్ ఫ్లెమింగ్ బాండ్ దాకా ఒక పాయ, అందులో పరుగే పరుగు. రెండోది సోమర్సెట్ మామ్ 1928లో వేసిన 'ఆషెండెన్' కథలతో మొదలైందని చెప్పొచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో మామ్ స్వయంగా స్విట్జర్లాండ్‌లో బ్రిటిష్ గూఢచారిగా పనిచేశాడు. నాటకం రాసుకుంటున్న రచయిత అనేదే ఆయన వేషం, వేషం కూడా నిజమే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. 1917లో రష్యా యుద్ధంలోంచి తప్పుకోకుండా చూడమని ఆయన్ని పెట్రోగ్రాడ్ పంపారు, బోల్షెవిక్కులు అధికారంలోకి వచ్చేశారు, పని కాలేదు. గూఢచారి ఉద్యోగం చాలా భాగం విసుగు పుట్టించేది, అందులో చాలా పనికిరానిది అని ఆయనే ముందుమాటలో ఒప్పుకున్నాడు. ఆ కథల్లో ఒకటుంది, శత్రువు ఏజెంటు ఓడలో వస్తున్నాడని ఒక కిరాయి హంతకుణ్ణి పెడతారు, వాడు చాలా శ్రద్ధగా పని పూర్తి చేస్తాడు, ఆ తర్వాత వచ్చిన టెలిగ్రామ్ విప్పి చదివితే అసలు మనిషి ఓడే ఎక్కలేదని తెలుస్తుంది. చచ్చినవాడు ఎవడో వేరేవాడు. కథ అక్కడితో ఆగిపోతుంది. దీని పక్కన పెడితే బాండ్ పిల్లల బొమ్మలా కనిపిస్తాడు నాకు.

విచిత్రం ఏంటంటే, ఈ రచయితల్లో చాలామంది ఆ ఉద్యోగం చేసి వచ్చినవాళ్ళే. గ్రాహం గ్రీన్ రెండో ప్రపంచ యుద్ధంలో సియెర్రా లియోన్‌లో పనిచేసి, తర్వాత లండన్‌లో పోర్చుగల్ వ్యవహారాలు చూశాడు. లె కారే అసలు పేరు డేవిడ్ కార్న్‌వెల్, బ్రిటన్ లోపలి గూఢచారి సంస్థలోనూ, బయటి సంస్థలోనూ రెండిటిలోనూ చేశాడు, 1963లో 'ది స్పై హూ కేమ్ ఇన్ ఫ్రమ్ ది కోల్డ్' వచ్చినప్పుడు ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాడు, అందుకే మారుపేరు. ఫ్లెమింగ్ కూడా నేవీ ఇంటెలిజెన్స్‌లో పెద్దాయన పక్కన సహాయకుడు. 1939లో ఆ ఆఫీసులోంచి శత్రువుని మోసం చేసే ఉపాయాల జాబితా ఒకటి వెళ్ళింది, అది ఫ్లెమింగ్ రాసిందేనని చాలామంది నమ్మకం. అందులో ఒక ఉపాయం, శవానికి యూనిఫాం తొడిగి, జేబులో దొంగ కాగితాలు పెట్టి శత్రువుకి దొరికేలా తీరంలో పడేయడం. అది ఒక డిటెక్టివ్ నవలలోంచి తీసుకున్నదని ఆ జాబితాలోనే రాశారు. 1943లో బ్రిటిష్ వాళ్ళు దాదాపు ఆ పనే స్పెయిన్ తీరంలో చేశారు, జర్మన్లు నమ్మారు. నవల్లోంచి ఆఫీసు కాగితంలోకి, కాగితంలోంచి యుద్ధంలోకి. ఇంత జరిగాక ఇవన్నీ కాలక్షేపం పుస్తకాలు అనేవాళ్ళతో నేను వాదించను, నవ్వి ఊరుకుంటాను.

గ్రీన్ 1958లో రాసిన 'అవర్ మ్యాన్ ఇన్ హవానా'లో వోర్మోల్డ్ అనే వ్యాక్యూమ్ క్లీనర్లు అమ్ముకునేవాణ్ణి బలవంతంగా ఏజెంటుని చేస్తారు. కూతురి ఖర్చులకి డబ్బు కావాలి, గూఢచర్యం చేతకాదు, కాబట్టి లేని ఏజెంట్లని సృష్టించి వాళ్ళ జీతాలు తనే తీసుకుంటాడు, వ్యాక్యూమ్ క్లీనర్ భాగాల బొమ్మలు పెద్దవిగా గీసి కొండల్లో రహస్య ఆయుధాలని లండన్‌కి పంపిస్తాడు. లండన్ హడలిపోతుంది. చదువుతూ పడీపడీ నవ్వుతాం, ఇదంతా ఎక్కడైనా జరుగుతుందా అనుకుంటాం. జరిగింది. హువాన్ పుజోల్ అనే స్పెయిన్ మనిషి లిస్బన్‌లో కూర్చుని, తను ఇంగ్లాండ్‌లో ఉన్నానని జర్మన్లని నమ్మించి, గైడు పుస్తకాలు, రైల్వే టైంటేబుళ్ళు చూసి రిపోర్టులు అల్లాడు. తర్వాత బ్రిటిష్ వాళ్ళు అతన్ని తమవైపు తీసుకుని గార్బో అని పేరు పెట్టారు. కింద 27 మంది ఏజెంట్లున్నట్టు జర్మన్ల లెక్క, ఒక్కడు కూడా నిజంగా లేడు. 1944లో ఫ్రాన్స్ తీరంలోని నార్మండీ మీద మిత్రదేశాల దాడి జరుగుతుంటే, ఇది ఉత్తుత్తిది, అసలు దాడి కలే అనే ఫ్రెంచి రేవు వైపు వస్తుందని జర్మన్లని నమ్మించిన వాళ్ళలో ఇతనొకడు. ఒకే మనిషికి జర్మన్లు ఐరన్ క్రాస్ పతకం ఇచ్చారు, బ్రిటిష్ వాళ్ళు తమ బిరుదు ఇచ్చారు. ఇక్కడ నన్ను ఆకట్టుకునేది అతని తెలివి ఒక్కటే కాదు. మాడ్రిడ్‌లో ఆ రిపోర్టులు చదివే జర్మన్ ఆఫీసరు సంగతి. తన ఏజెంటు గొప్పవాడైతేనే తను గొప్పవాడు. అందుకని నమ్మాడు. పై అధికారికి మంచి రిపోర్టు చూపించాలని ఆరాటపడే ఆఫీసు ఏదైనా ఇంతే, గ్రీన్ దాన్ని పట్టుకున్నాడు.

ఇప్పుడు ఇంకో పుస్తకం దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే సస్పెన్స్ అంటే చివర్లో ఏమవుతుందో తెలియకపోవడం అని మనవాళ్ళలో గట్టి నమ్మకం ఉంది. ఫ్రెడెరిక్ ఫోర్సిత్ 1971లో వేసిన 'ది డే ఆఫ్ ది జాకాల్' ఆ నమ్మకాన్ని చితకబాదింది. ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్‌ని చంపడానికి కిరాయికి కుదిరిన హంతకుడి కథ. డిగాల్ హత్యకి గురికాలేదని, 1970లో ఇంట్లో పోయాడని పుస్తకం కొన్న ప్రతివాడికీ తెలుసు. ఈ కారణంగానే పబ్లిషర్లు వరసగా తిప్పికొట్టారు, ముగింపు తెలిసిన కథ ఎవడు కొంటాడని. 35 రోజుల్లో రాసిన ఆ నవలని ఇప్పటికీ జనం కొంటున్నారు. ఎందుకు?

పని ఎలా జరుగుతుందో చూపిస్తాడు కాబట్టి. జాకాల్ ముందు ఒక పల్లెటూరి చర్చి స్మశానానికి వెళ్ళి, తన వయసుకి సరిపోయే, పసితనంలోనే పోయిన పిల్లాడి సమాధి వెతుకుతాడు, ఆ పేరుతో జనన ధ్రువపత్రం తెప్పిస్తాడు, దాంతో పాస్‌పోర్టుకి అప్లై చేస్తాడు. నిజంగా ఆ సందు బ్రిటన్‌లో చాలాకాలం తెరిచే ఉంది. తర్వాత తుపాకీ చేసేవాడి దగ్గర బేరం, దొంగ కాగితాలవాడి దగ్గర బేరం, అడవిలో చెట్టుకి పుచ్చకాయ వేలాడదీసి గురి చూసుకోవడం. ఆ పుచ్చకాయ పేజీ చదివాక ఎండాకాలంలో రోడ్డు పక్కన కాయల గుట్ట చూస్తే నాకు వేరే ఆలోచనలు వస్తాయి. రెండోవైపు లెబెల్ అనే డిటెక్టివ్. పొట్టిగా, నెమ్మదిగా, ఇంట్లో భార్య మాటకి ఎదురు చెప్పలేని మనిషి. మంత్రుల ముందు కూర్చోవడానికే ఇబ్బంది పడతాడు. ఆయన చేసేదల్లా ఇతర దేశాల పోలీసు అధికారులకి ఫోన్లు చేయడం, హోటళ్ళ నుంచి వచ్చే రిజిస్ట్రేషన్ కార్డులు చూడటం. ఒక గుమస్తా పని, ఒక హంతకుడి పని, రెండూ ఒకదానికొకటి దగ్గరవుతుంటాయి. ఆఖర్న డిగాల్‌ని కాపాడింది ఏ హీరో అనుకున్నారు? ముసలి సైనికుడికి మెడల్ తగిలించి బుగ్గ మీద ముద్దు పెట్టడానికి ఆయన తల వంచాడు, తూటా వెనక నుంచి వెళ్ళిపోయింది. పొడుగు మనిషి, ఫ్రెంచి మర్యాద. ఇంగ్లీషు హంతకుడికి ఆ అలవాటు తట్టలేదు. ఎంత ప్లాను వేసినా ఎదుటి మనుషుల చిన్న అలవాటు ఒకటి చదవడం మర్చిపోయాడు. నా వాదన మళ్ళీ అక్కడికే వచ్చింది చూడండి.

అసలు గుండెకాయ మాత్రం ద్రోహం. ఇక్కడ మన దేశానికి ఒక చుట్టరికం కూడా ఉంది. 1912లో అంబాలాలో ఐసీఎస్ అధికారి ఇంట్లో పుట్టిన పిల్లాడికి, కిప్లింగ్ నవలలో వేగు పనులు చేసే కుర్రాడి పేరు మీద కిమ్ అని ముద్దుపేరు పెట్టారు. ఆ పిల్లాడే కిమ్ ఫిల్బీ. బ్రిటిష్ గూఢచారి సంస్థలో పెద్ద పదవిలోకి వెళ్ళాడు, 1944లో రష్యన్ల మీద పనిచేసే విభాగానికే అధిపతి అయ్యాడు, అప్పటికే పదేళ్ళుగా రష్యన్ల మనిషి. 1955లో విదేశాంగ మంత్రి పార్లమెంటులో నిలబడి ఇతని మీద ఆధారాల్లేవన్నాడు. 1963 జనవరిలో బేరూత్‌లో ఉన్న ఇతన్ని పాత స్నేహితుడే వెళ్ళి నిలదీస్తే, కొద్దిరోజులకే మాస్కో చేరాడు. గ్రీన్ యుద్ధకాలంలో ఇతని కింద పనిచేశాడు, తర్వాత ఫిల్బీ ఆత్మకథకి ముందుమాట కూడా రాశాడు, అది వేరే గొడవ. ఇంత పెద్ద ద్రోహం ఎలా దాగింది? సరైన స్కూలు, సరైన క్లబ్బు, సరైన ఇంగ్లీషు. మనవాడు అలాంటి పని చేయడు అనే ధీమా. ఈ 'మనవాడు' అనే మాట దగ్గర కళ్ళు మూసుకుపోవడం మనకి కొత్త కాదు, కులం, ఊరు, కాలేజీ ఏదో ఒకటి చాలు.

లె కారే ఆ ఫిల్బీ గాయాన్ని తీసుకుని 'టింకర్ టైలర్' రాశాడు. అందులోనూ ఇండియా ఉంది. బ్రిటిష్ గూఢచారి జార్జ్ స్మైలీ 1955లో ఢిల్లీ జైలులో ఒక రష్యన్ ఖైదీని కలుస్తాడు. మా వైపు వచ్చేయి అని గంటల తరబడి బతిమాలతాడు. ఎండ, జ్వరం, పైగా ఇంట్లో భార్య ఆన్‌తో గొడవ. మాట్లాడి మాట్లాడి తనకి తెలియకుండానే తన భార్య గురించే మాట్లాడేస్తాడు. ఎదుటివాడు ఒక్క మాట అనడు. పోతూ పోతూ, ఆన్ ప్రేమతో ఇచ్చినట్టు రాసి ఉన్న లైటరు పట్టుకుపోతాడు. ఆ ఖైదీ పేరు కార్లా, తర్వాత మాస్కోలో గూఢచారుల పెద్ద అవుతాడు. ఎవరు ఎవర్ని విచారించినట్టు? ఏళ్ళ తర్వాత కార్లా, లండన్‌లో స్మైలీ సంస్థలోనే దాగున్న తన మనిషికి చెప్తాడు, నువ్వు స్మైలీ భార్యతో సంబంధం పెట్టుకో, అప్పుడు నీ మీద స్మైలీకి అనుమానమొచ్చినా, అది అసూయేమోనని తన నోరు తనే నొక్కుకుంటాడు అని. ఈ ఎత్తు మొదటిసారి చదివి పుస్తకం మూసి కాసేపు బాల్కనీలో తిరిగాను. 1979లో 'స్మైలీస్ పీపుల్'లో స్మైలీ దెబ్బ తిరిగి కొడతాడు, కార్లాకి దాచుకున్న కూతురుంది, ఆ ప్రేమని పట్టుకునే లాగుతాడు. గెలుస్తాడు. గెలిచినవాడి మొహంలా ఉండదు ఆ మొహం.

ఇదంతా తెల్లవాళ్ళ పిచ్చి అనుకునేవాళ్ళు విశాఖదత్తుడి సంస్కృత నాటకం 'ముద్రారాక్షసం' మళ్ళీ తీయాలి. హీరోయిన్ లేదు, పాట లేదు, యుద్ధం లేదు. చాణక్యుడికి నందుల మంత్రిని (ఆయన పేరే రాక్షసుడు) చంపాలని లేదు, చంద్రగుప్తుడికి మంత్రిగా చేయాలని ఉంది. అంటే శత్రువు ఏజెంటుని తిప్పుకోవాలి. ఒక వేగు, రాక్షసుడి స్నేహితుడు చందనదాసు ఇంట్లోకి వెళ్ళి యముడి పటం చూపించి పాటలు పాడుతుంటే, లోపల్నించి చిన్న పిల్లాడు తొంగిచూస్తాడు, తల్లి కంగారుగా లోపలికి లాగుతుంటే వేలికి వదులుగా ఉన్న మగవాళ్ళ ఉంగరం జారి వేగు కాళ్ళ దగ్గర పడుతుంది. అది రాక్షసుడి ముద్రికా ఉంగరం. దాంతో ఒక దొంగ ఉత్తరానికి ముద్ర పడుతుంది. ఆ ఉత్తరం రాసిన శకటదాసుకి తను ఏం రాస్తున్నాడో తెలియదు. అతన్ని వధ్యస్థానం నుంచి 'రక్షించి' తీసుకొచ్చిన సిద్ధార్థకుణ్ణి రాక్షసుడు నెత్తిన పెట్టుకుంటాడు, నిజానికి వాడు చాణక్యుడి మనిషి. ప్రాణస్నేహితుడనుకున్న సన్యాసి కూడా చాణక్యుడి మనిషే. ఆఖరికి రాక్షసుడు లొంగింది దేనికి? తన కుటుంబాన్ని దాచినందుకు స్నేహితుడు చందనదాసుని వధ్యస్థానానికి తీసుకెళ్తుంటే చూడలేక. కార్లా కూతురు, రాక్షసుడి స్నేహితుడు, ఎర ఒకటే. చాణక్యుడి తెలివికి చప్పట్లు కొడతాం, మనసు మాత్రం రాక్షసుడి వైపే ఉంటుంది. మంచి గూఢచారి నవల చదివినప్పుడు నాకు సరిగ్గా ఇదే జరుగుతుంది.

లోపాలు లేవా అంటే బోలెడు. ఆడవాళ్ళని రాయడం ఈ రచయితలకి చాలావరకు రాదు, అన్ని వందల పేజీల్లో ఆన్ మనకి సరిగా కనబడనే కనబడదు. బుకన్ పాత్రలు యూదుల గురించి మాట్లాడే మాటలు, ఫ్లెమింగ్ నల్లవాళ్ళని రాసే తీరు ఇప్పుడు చదివితే కంపరం పుడుతుంది. ఢిల్లీ అంటే ఎండ, జైలు, జ్వరం, అంతే, అక్కడ ఒక ఢిల్లీ మనిషికి పనేం లేదు. ఇవన్నీ ఒప్పుకునే చదువుతాను, ఒప్పుకోకుండా చదివేవాళ్ళతో నాకు పేచీ.

కానీ ఇప్పుడు అంతా ఫోన్లే కదా, ఈ టెలిగ్రాములు, ఫైళ్ళు ఎవరికి కావాలి అనే మాట మాత్రం ఒప్పుకోను. తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసు వార్తల్లో హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్న ఆరోపణ చదవగానే, రికార్డుల్లోంచి మాయమైన కాగితాల చుట్టూ తిరిగే ఆ పాత కథలే గుర్తొచ్చాయి. పరికరం మారింది. ఏది మాయమైంది, ఎవరి సంతకంతో మాయమైంది, ఆ రోజు డ్యూటీలో ఎవరున్నారు అనే ప్రశ్నలు అవే. గ్రీన్ 1978 నవల 'ది హ్యూమన్ ఫ్యాక్టర్'లో సంస్థలోంచి సమాచారం బయటికి పోతోందని తెలుస్తుంది, పెద్దమనుషులు భోజనాల దగ్గర కూర్చుని, డేవిస్ అనే కుర్ర ఉద్యోగి అయ్యుండొచ్చని తేల్చేసి, బూజుపట్టిన వేరుశనగల్లో పుట్టే విషంతో చప్పుడు లేకుండా చంపేస్తారు. వాడు కాదు. విచారణ లేదు, రుజువు లేదు, మర్యాదస్తుల మధ్య ఒక అభిప్రాయం కుదిరింది, అంతే. దీనికి ఫోన్‌తో ఏం పని?

నాకున్న బాధల్లా తెలుగులో ఈ రెండో పాయ పారలేదని. మనకి సరుకు లేకనా? సెక్రటేరియట్‌లో ఫైలు ఏ బల్ల మీద ఎన్నాళ్ళు పడుకుంటుందో, ఎవరి బదిలీ వెనక ఎవరున్నారో, ఇంటెలిజెన్స్ వాళ్ళు మీటింగుల్లో వెనక బెంచీల్లో కూర్చుని ఎలా రాసుకుంటారో, ఉద్యమాల రోజుల్లో పల్లెల్లో ఇన్ఫార్మర్ అనే ముద్ర ఒక మనిషిని ఎంతకి తెచ్చేదో మనకన్నా ఎవరికి తెలుసు? ఇన్ఫార్మర్ అన్న అనుమానంతో, డేవిస్ లాగే, రుజువు లేకుండా పోయినవాళ్ళ ఊళ్ళు మన దగ్గరే ఉన్నాయి. షాడోకి బ్యాంకాక్ టికెట్టు కొనిచ్చిన మన రచయితలు, జిల్లా ఎస్పీ ఆఫీసులో ఫైళ్ళు సర్దే హెడ్ కానిస్టేబుల్ని హీరోగా పెట్టి ఒక్కటి రాసి ఉంటే బాగుండేది. ఇప్పుడైనా ఎవరైనా రాస్తే మొదటి కాపీ నేనే కొంటాను.

ఈలోగా మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి: ముందు 'జాకాల్' చదవండి, అది ఎవరినైనా కూర్చోబెడుతుంది. తర్వాత 'అవర్ మ్యాన్ ఇన్ హవానా', నవ్వుకోవచ్చు. ఆ తర్వాత 'ది స్పై హూ కేమ్ ఇన్ ఫ్రమ్ ది కోల్డ్', చిన్న పుస్తకం, దాని ముగింపు నేనిక్కడ కావాలనే చెప్పలేదు. 'టింకర్ టైలర్' ఆఖర్న పెట్టుకోండి, మొదటి యాభై పేజీలు ఎవరు ఎవరో అర్థంకాక చిరాకేస్తుంది, పేర్లు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. హైదరాబాద్‌లో ఉంటే ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఇవన్నీ పాతవి దొరుకుతాయి. కొనే ముందు ఆఖరి పేజీ ఉందో లేదో చూసుకోండి.